“చంకలో ఏమీ కనబడలేదు”

పిన్ని స్కానింగ్ రిపోర్టు రెండు పేజీలుంది. అందులో పేజీన్నర రొమ్ములో గడ్డ గురించే. ఎడమ పక్క, గడియారంలో రెండు గంటల చోట, చనుమొనకి నాలుగు సెంటీమీటర్ల దూరంలో, 14 మిల్లీమీటర్లు, అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, చుట్టూ రక్తప్రసారం ఇలా ఉంది అని ఓపిగ్గా రాశారు. చంక దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క లైను: చెప్పుకోదగ్గ లింఫ్ నోడ్లేవీ కనబడలేదు. లింఫ్ నోడ్లంటే లింఫ్ అనే పల్చటి ద్రవాన్ని వడగట్టే చిన్న గ్రంథులు, రొమ్ము క్యాన్సర్ సాధారణంగా ముందు పాకేది చంకలోని వాటిలోకే.

బాబాయి ఆ లైను రెండుసార్లు చదివి “హమ్మయ్య, చంకలోకి పాకలేదు” అన్నాడు. ఆ పూట ఫోన్ చేసినవాళ్లందరికీ అదే చెప్పాం. బయాప్సీలో క్యాన్సరని తేలిన ఇంట్లో మంచిమాట ఒక్కటి దొరికితే ఎవరు వదులుకుంటారు? నేనూ వదల్లేదు. రెండ్రోజులాగి రిపోర్టు మళ్లీ తీసినప్పుడు గానీ తట్టలేదు, అక్కడ “లేదు” అని రాయలేదు, “కనబడలేదు” అని రాశారు.

ఆపరేషన్‌కి ముందు చంకకి చేసే ఈ స్కానింగ్‌ని మనం తప్పుగా చదువుతున్నామని నా అభిప్రాయం. చంకలో క్యాన్సర్ ఉందో లేదో తేల్చేస్తుందని అనుకుంటాం. అంత శక్తి దానికి లేదు. చంకలో జబ్బు ఎక్కువగా ఉందా అన్నది పట్టుకోవడమే అది బాగా చెయ్యగలిగిన పని. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే డాక్టర్ని ఏం అడగాలి, రిపోర్టులో ఏం వెతకాలి, చంకలో కత్తి పెట్టాలా వద్దా అన్న దగ్గర ఆ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలి, అన్నీ మారిపోతాయి. నేను డాక్టర్ని కాను. ఇద్దరు మనుషుల ఫైళ్లు మోసుకుని తిరిగినదాన్ని, ఆ తిరుగుళ్ల మధ్య చదివినదాన్ని.

అమ్మ చెయ్యి

అమ్మకి ఇదే జబ్బు 2008లో వచ్చింది. అప్పుడు చంకకి స్కానింగే చెయ్యలేదు. సర్జన్ చేత్తో తడిమి చూశారు, బిళ్ళలేమీ తగలడం లేదన్నారు, అయినా చంకలో నోడ్లన్నీ తీసేశారు. కావలి నోడు పద్ధతి అప్పటికే ఉంది. రొమ్ము నుంచి వచ్చే లింఫ్ ముందుగా చేరే ఒకటి రెండు నోడ్లని మాత్రమే తీసి పరీక్షించే ఆ పద్ధతిని డేవిడ్ క్రాగ్ 1993లో రేడియోధార్మిక ద్రవంతోనూ, ఆర్మాండో జూలియానో 1994లో నీలిరంగుతోనూ చేసి చూపించారు. పధ్నాలుగేళ్లయినా అది అమ్మ దాకా రాలేదు.

పాథాలజీ రిపోర్టులో 16 నోడ్లు చూశాం, ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు అని వచ్చింది. ఆ రోజు అందరం ఎంత సంతోషపడ్డామో నాకు బాగా గుర్తు. ఏడాదిన్నర తర్వాత కుడి చెయ్యి వాచింది. వాపు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, పూర్తిగా మాత్రం పోలేదు. అమ్మ రవికలన్నీ ఇప్పటికీ కుడిచేతి పక్క కుట్టు విప్పి వదులు చేసినవే. విప్పిన చోట పాత దారం వెళ్లిన చిల్లులు వరసగా కనిపిస్తాయి. రక్తం తియ్యాలన్నా బీపీ చూడాలన్నా ఎదుటివాళ్లు అడగక ముందే ఎడమ చెయ్యి చాస్తుంది. 2014లో వచ్చిన అమరోస్ అనే పరిశోధనలో చంక నోడ్లన్నీ తీయించుకున్నవాళ్లలో ఐదేళ్లకి 23 శాతం మందిలో చేతివాపు లక్షణాలు కనిపించాయి. అమ్మది అరుదైన దురదృష్టమేమీ కాదన్నమాట.

ఏమీ లేని 16 నోడ్లని తీసి, వాటిలో ఏమీ లేదని తెలుసుకున్నారు. పిన్ని రిపోర్టులో ఆ ఒక్క లైను చదువుతున్నంతసేపూ నా కళ్లముందున్నది ఆ 16 అంకె, ఆ కుట్లు.

తెరమీద ఏం కనిపిస్తుంది

ఆరోగ్యంగా ఉన్న నోడు అల్ట్రాసౌండ్‌లో చిక్కుడు గింజలా కనిపిస్తుంది. మధ్యలో కొవ్వు తెల్లగా, చుట్టూ సన్నటి నల్లటి అంచు. ఆ అంచుని కార్టెక్స్ అంటారు. రొమ్ము నుంచి లింఫ్ తెచ్చే సన్నటి నాళాలు నోడు అంచులోకే తెరుచుకుంటాయి కాబట్టి, క్యాన్సర్ కణాలు వస్తే ముందు దిగేది అక్కడే. అందుకే అంచు 3 మిల్లీమీటర్లకి మించి మందంగా ఉన్నా, ఒక పక్క మాత్రమే ఉబ్బినా అనుమానిస్తారు. మధ్య తెలుపు పూర్తిగా మాయమై నోడు గుండ్రంగా అయిపోతే అనుమానం ఇంకా బలపడుతుంది. అప్పుడు తెరమీద చూస్తూనే సూది వేసి నమూనా తీస్తారు.

సూదిలో క్యాన్సర్ అని వస్తే దాదాపు ఎప్పుడూ అది నిజమే. సూదిలోనైనా స్కానింగ్‌లోనైనా ఏమీ లేదని వస్తే మాత్రం అంత గట్టిగా నమ్మలేం. కారణం సులువే. 2 మిల్లీమీటర్లకి తక్కువ ఉన్న క్యాన్సర్ మచ్చ నోడు ఆకారాన్ని మార్చదు, మారని ఆకారాన్ని స్కానింగ్ పట్టుకోలేదు. లోబ్యులర్ రకం క్యాన్సరైతే కణాలు గుంపుగా కట్టకుండా ఒక్కొక్కటిగా పరుచుకుంటాయి, నోడు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ఇక దీనికి తలకిందులుగా జరిగే పొరపాటూ ఉంది. చేతికి పుండు పడ్డా, భుజానికి టీకా వేయించుకున్నా చంకలో నోడు ఉబ్బుతుంది. 2021లో కోవిడ్ టీకాల కాలంలో మామోగ్రాం గదుల్లో ఎంతమందిని దీనివల్ల భయపెట్టాల్సి వచ్చిందో డాక్టర్లు చాలానే రాశారు.

“ఇదంతా ఎందుకు, పెట్ సీటీ చేయించెయ్యండి, ఒళ్లంతా తేలిపోతుంది” అని మాకు కనీసం నలుగురు సలహా ఇచ్చారు. ముద్ద పెద్దదైతే పెట్ వెలిగిస్తుంది. కొద్ది మిల్లీమీటర్ల మచ్చ దానికీ అందదు. ఎమ్మారై కూడా ఈ విషయంలో దేవుడేం కాదు. చిన్న జబ్బుని చంక బయటినుంచి చూసి కచ్చితంగా చెప్పగలిగే యంత్రం ఇప్పటికి లేదు.

నాకు కోపం తెప్పించిన అంకె

ఇటలీలో మిలాన్‌లోని యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆంకాలజీ నడిపిన సౌండ్ అనే ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. గడ్డ 2 సెంటీమీటర్లలోపు ఉండి, చంక స్కానింగ్‌లో ఏమీ కనబడని 1,405 మంది ఆడవాళ్లని లెక్కలోకి తీసుకున్నారు. సగం మందికి కావలి నోడు తీశారు, మిగతా సగానికి చంక జోలికే వెళ్లలేదు. తీసినవాళ్లలో 13.7 శాతం మందికి నోడులో క్యాన్సర్ ఉంది. అంటే “ఏమీ కనబడలేదు” అని రాసిచ్చిన ఏడుగురిలో దాదాపు ఒకరికి ఉంది!

ఇక్కడిదాకా చదివినప్పుడు నిజంగా కోపం వచ్చింది. మరి ఈ స్కానింగ్ ఎందుకు, ఆ లైను చూపించి మమ్మల్ని ఎందుకు సంతోషపెట్టారు అనిపించింది. తర్వాతి పేరా చదివాక కాసేపు ఆగిపోయాను. చంక ముట్టని గుంపులోనూ సుమారు అంతే మందికి నోడుల్లో క్యాన్సర్ ఉండి ఉండాలి, దాన్ని అలాగే వదిలేశారు. ఐదేళ్ల తర్వాత జబ్బు వేరేచోటికి పాకకుండా బతికి ఉన్నవాళ్లు తీసిన గుంపులో 97.7 శాతం, తియ్యని గుంపులో 98.0 శాతం. చంకలో జబ్బు తిరగబెట్టింది రెండు గుంపుల్లోనూ 0.4 శాతం మందికే.

2024 డిసెంబరులో జర్మనీ, ఆస్ట్రియాల నుంచి ఇన్‌సెమా అనే ఇంకా పెద్ద ట్రయల్ వచ్చింది. అక్కడ 5 సెంటీమీటర్ల దాకా గడ్డ ఉన్నవాళ్లని కూడా తీసుకున్నారు గానీ ఎక్కువమందివి చిన్న గడ్డలే. ఐదేళ్లకి జబ్బు లేకుండా ఉన్నవాళ్లు తియ్యని గుంపులో 91.9, తీసిన గుంపులో 91.7 శాతం. చంకలో తిరగబెట్టడం మాత్రం తియ్యనివాళ్లలో 1.0, తీసినవాళ్లలో 0.3. చేతివాపు తియ్యనివాళ్లలో 1.8, తీసినవాళ్లలో 5.7. ఈ రెండు జతల అంకెల్నీ పక్కపక్కనే పెట్టుకుని చూడాలి. ఒక్కటే చూపించి ఒప్పించేవాళ్లని నేను నమ్మను, ఆ పని నేనూ చెయ్యను.

మనసు ఇంకా ఒప్పుకోకపోతే వెనక్కి వెళ్లండి. బెర్నార్డ్ ఫిషర్ బృందం 1971లో మొదలుపెట్టిన బి-04 ట్రయల్‌లో, చేతికి బిళ్ళలు తగలని ఆడవాళ్లలో చంక మొత్తం తీసిన గుంపులో 40 శాతం మంది నోడుల్లో క్యాన్సర్ దొరికింది. తియ్యకుండా వదిలేసిన గుంపులో తర్వాత చంకలో జబ్బు బయటపడింది ఐదోవంతు కన్నా తక్కువమందికి. 25 ఏళ్లు గమనించినా బతుకులో తేడా రాలేదు. అప్పట్లో వాళ్లకి కీమో లేదు, హార్మోను మాత్రలు లేవు. చంకలో మిగిలిపోయిన కణాలన్నీ పగబట్టి తిరిగిరావు. ఇది అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది, ఇప్పటికీ రాత్రిపూట అప్పుడప్పుడు అర్థం కాకుండా పోతుంది.

కాబట్టి ఆ ఏడుగురిలో ఒకరి జబ్బు చూడలేకపోవడం స్కానింగ్ వైఫల్యం అనను. అది వదిలేసింది చాలావరకు చిన్న జబ్బు. ఆ చిన్న జబ్బు సంగతి హార్మోను మందులూ రేడియేషనూ చూసుకున్నాయి. ఇక్కడొక మెలిక ఉంది. ఈ రెండు ట్రయల్స్‌లోనూ దాదాపు అందరూ రొమ్ము ఉంచుకుని, ఆపరేషన్ తర్వాత రొమ్ముకి రేడియేషన్ తీసుకున్నవాళ్లే. రొమ్ముకిచ్చే రేడియేషన్ చంక కింది భాగానికీ కొంత తగులుతుంది. రేడియేషన్ వద్దనుకునేవాళ్లు, రొమ్ము మొత్తం తీయించుకునేవాళ్లు ఈ అంకెల్ని తమవిగా చెప్పుకోకూడదు.

తొమ్మిది నిమిషాలు

సర్జన్ మేడమ్ పిన్ని రిపోర్టులో ఆ లైను చదివి “ఇది నాకు సరిపోదమ్మా” అన్నారు. రొమ్ము స్కానింగులే చేసే ఇంకొక డాక్టర్ దగ్గరికి పంపారు.

నన్ను లోపలికి రానిచ్చారు. పిన్ని ఎడమ చెయ్యి తలకింద పెట్టించి, కొద్దిగా పక్కకి తిప్పి, చంకలో జెల్ రాసి మొదలుపెట్టారు. మొదటి స్కానింగ్‌లో చంకమీద ఆ పరికరం రెండు మూడుసార్లు అలా పోయి వచ్చేసిందని పిన్ని చెప్పింది. ఇక్కడ గోడమీద గడియారంలో తొమ్మిది నిమిషాలు గడిచాయి. ఒక్కో నోడు దగ్గర ఆగడం, బొమ్మ నిలిపేసి కొలవడం, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి చూడడం. నాలుగు నోడ్లు కనిపించాయి. మూడింటి అంచు 2 మిల్లీమీటర్ల లోపే. నాలుగోది 3.6.

“ఈ మధ్య ఈ చేతికి దెబ్బేమైనా తగిలిందా? టీకా వేయించుకున్నారా?”

పిన్ని ఎడమ బొటనవేలు చూపించింది. మూడు వారాల కిందట గోరుచుట్టు లేచి చీము పట్టింది. గోరు సగం ఊడి ఉంది.

“అదే అయ్యుండొచ్చు. అయినా సూది వేసి చూద్దాం,” అన్నారు. నాలుగు రోజులకి క్యాన్సర్ కణాలు లేవని వచ్చింది. సౌండ్ ట్రయల్‌లోనూ ఇలా అనుమానంగా ఒకే నోడు ఉండి సూదిలో ఏమీ రానివాళ్లని చేర్చుకున్నారని తర్వాత చదివాను.

మొదటి రిపోర్టు మీద నా ఫిర్యాదు అది తప్పని కాదు. ఫలితం చివరికి అదే వచ్చింది కదా అని బాబాయి అన్నాడు, నిజమే. కానీ ఆ లైను చదివితే చూశారో లేదో తెలియదు, ఎన్ని నోడ్లు చూశారో తెలియదు, ఎంత కొలిచారో తెలియదు. అమ్మ రోజుల్లో స్కానింగ్ ఏం రాసినా తర్వాత కత్తి వచ్చి తేల్చేది. ఇప్పుడు కత్తి రావద్దని చెప్పేదే ఈ స్కానింగ్. కత్తి పట్టేవాళ్ల మీద ఎంత బాధ్యత పెడతామో ఆ పరికరం పట్టేవాళ్ల మీదా అంత పెట్టాలి. అన్నిటికన్నా మందమైన కార్టెక్స్ ఎంతుంది, ఆకారం ఎలా ఉంది, మధ్య తెలుపు ఉందా. ఇవి రాయడానికి మూడు లైన్లు చాలు.

ఎక్కువ చూస్తే ఎక్కువ కోస్తారు

నా వాదనకి గట్టి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. శ్రద్ధగా చూసినకొద్దీ ఏదో ఒకటి దొరుకుతుంది. దొరికిన కొద్దీ చేతులు ఊరుకోవు.

జెడ్-0011 అనే ట్రయల్‌లో చంకని చేత్తోనే చూశారు, స్కానింగ్ తప్పనిసరి చెయ్యలేదు. కావలి నోడ్లలో ఒకటో రెండో క్యాన్సర్‌తో దొరికినవాళ్లని సగం మందికి చంక మొత్తం తీశారు, సగానికి ఆపేశారు. పదేళ్లకి బతికున్నవాళ్లు ఆపేసిన గుంపులో 86.3 శాతం, తీసిన గుంపులో 83.6. ఆ ఆడవాళ్లలో కొందరికి ముందే శ్రద్ధగా స్కాన్ చేసి, సూది వేసి ఉంటే ఏమయ్యేది? క్యాన్సర్ ఉన్న నోడు ముందే దొరికేది. “స్కానింగ్‌లోనే కనిపించింది కాబట్టి ఎక్కువే ఉంటుంది” అని నేరుగా చంక మొత్తం తీసేసేవాళ్లు. అంటే బాగా చూసినందుకు అమ్మ చెయ్యిలాంటి చెయ్యి మిగిలేది. స్కానింగ్‌లో దొరికినవాళ్లలో సగటున ఎక్కువ నోడ్లకే జబ్బు ఉంటుందన్నది నిజం. వాళ్లలోనూ చాలామందికి ఒకటి రెండు నోడ్లతోనే ఆగిపోతుందన్నదీ నిజం.

అందుకని చంకని చూడడం మానేద్దామా? ఈ ప్రశ్న చుట్టూ చాలా రోజులు తిరిగాను. మానేస్తే సౌండ్, ఇన్‌సెమాలు ఇచ్చిన ధైర్యం కూడా పోతుంది. చంక ముట్టకుండా వదిలెయ్యొచ్చని చెప్పింది స్కానింగ్‌లో ఏమీ కనబడనివాళ్ల విషయంలోనే. మార్చాల్సింది చూసిన తర్వాత జరిగేది. ఒక నోడులో సూది క్యాన్సరని చెప్పిందనగానే చంకంతా తీసెయ్యాలన్న పాత అలవాటు పోవాలి. ఎన్ని నోడ్లు అనుమానంగా ఉన్నాయి, గడ్డ రకమేంటి, ముందు మందులివ్వాలా, రేడియేషన్‌తో సరిపెట్టొచ్చా అన్నవి కూర్చుని మాట్లాడుకోవాలి. అమరోస్‌లో చంక తీసేబదులు రేడియేషన్ ఇచ్చినవాళ్లలో ఐదేళ్లకి చేతివాపు 11 శాతం, అంటే సగం కన్నా తక్కువ.

ముందు మందు, తర్వాత కత్తి

ఇంకో గుంపు ఉంది, వాళ్ల దగ్గర నా స్వరం మారుతుంది. ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్లని పట్టుకునే గ్రాహకాలు లేక, హెర్2 అనే ప్రొటీనూ ఎక్కువగా లేని గడ్డ), హెర్2 పాజిటివ్ (ఆ ప్రొటీన్ ఎక్కువగా ఉన్న గడ్డ) రకాల్లో, గడ్డ కాస్త పెద్దదైనా నోడుకి పాకినా, ఆపరేషన్‌కి ముందే కీమో ఇస్తారు. అలాంటివాళ్లకి మొదటి ఇంజెక్షన్ పడకముందే చంకని చూసి తీరాలి. మందు బాగా పనిచేస్తే నోడు మామూలు ఆకారానికి వచ్చేస్తుంది, ఆ తర్వాత ఏది జబ్బున్న నోడో ఎవరూ చెప్పలేరు. అందుకే సూదిలో క్యాన్సరని తేలిన నోడులో చిన్న లోహపు క్లిప్పు పెట్టి ఉంచుతారు. కీమో తర్వాత కావలి నోడ్లు మాత్రమే తీస్తే ఉన్న జబ్బుని వదిలేసే అవకాశం జెడ్-1071 ట్రయల్‌లో 12.6 శాతం. క్లిప్పున్న నోడునీ వెతికి తీస్తే అది బాగా తగ్గుతుంది, అమెరికాలోని ఎమ్‌డీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ల లెక్కలో 2 శాతానికి దిగింది. కీమోకి ముందు ఆ అరగంట పోగొట్టుకుంటే మళ్లీ దొరకదు.

నెలసరి ఇంకా ఆగనివాళ్ల సంగతీ వేరే. వాళ్లకి ఒక్క నోడులో క్యాన్సర్ ఉన్నా కీమో ఇవ్వాలా వద్దా అన్నదే మారిపోవచ్చు. “స్కానింగ్‌లో లేదుగా, వదిలేద్దాం” అని వాళ్లకి చెప్పే సాహసం నేను చెయ్యను. 2025లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం అస్కో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా కావలి నోడు మానెయ్యొచ్చన్నది ముఖ్యంగా నెలసరి ఆగి, 50 నిండి, హార్మోను పాజిటివ్ (హార్మోను గ్రాహకాలున్న), హెర్2 నెగటివ్, 2 సెంటీమీటర్లలోపు గడ్డ ఉండి, చంక స్కానింగ్‌లో ఏమీ లేనివాళ్లకే.

పిన్ని అడిగిన ప్రశ్న

పిన్నికి 63. గడ్డ 14 మిల్లీమీటర్లు, హార్మోను పాజిటివ్, హెర్2 నెగటివ్, రెండో గ్రేడు. పైన చెప్పిన వరసలో అన్నీ సరిపోయాయి. సర్జన్ మేడమ్ రెండు దారులూ చెప్పి, మీరు ఆలోచించుకోండి అన్నారు.

ఇంత చదివినదాన్ని, ఇంత వాదించినదాన్ని, ఆ గదిలో నేను కావలి నోడు తీయించుకో పిన్నీ అన్నాను. ఒకటో రెండో తీస్తే అమ్మకి జరిగినట్టు జరగదు, మనకి తెలిసిపోతుంది కదా అన్నాను. తెలియకుండా ఉండడం నావల్ల కాదనిపించింది.

పిన్ని నాకు జవాబు చెప్పలేదు. డాక్టరు వైపు తిరిగి “అది తీసి, అందులో ఉందని తేలిందనుకోండి. నాకిచ్చే మందు మారుతుందా అమ్మా?” అని అడిగింది.

ఆవిడ వెంటనే బదులివ్వలేదు. “రేడియేషన్ ఎంత మేర ఇవ్వాలో మళ్లీ ఆలోచిస్తాం. ఒకటి రెండు నోడ్లయితే మీ వయసుకి, మీ గడ్డ రకానికి మందుల్లో పెద్ద తేడా రాకపోవచ్చు. రాదని మాత్రం రాసివ్వలేను,” అన్నారు.

“అయితే వద్దు,” అంది పిన్ని.

బయటికొచ్చాక తనతో నాలుగు రోజులు సరిగ్గా మాట్లాడలేకపోయాను. కోపం కాదు, భయం. ఆవిడ అడిగిన ప్రశ్న నేను అడగాల్సింది. తెలుసుకోవాలన్న ఆత్రం నాది, చెయ్యి ఆవిడది.

ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది, రోజూ మాత్ర వేసుకుంటోంది. ఆరునెలల స్కానింగ్‌కి మళ్లీ ఆ తొమ్మిది నిమిషాల డాక్టర్ దగ్గరికే వెళ్లాం. ఈసారి రిపోర్టులో చంకకి ఆరు లైన్లున్నాయి. నేను రొమ్ము గురించి రాసింది దాటేసి నాలుగో నోడు ఎక్కడుందో వెతుక్కున్నాను. కార్టెక్స్ 2.1 మిల్లీమీటర్లు. పిన్ని బొటనవేలికి గోరు పూర్తిగా వచ్చేసింది.